హుస్సేన్ సాగర్ తీర విహార స్థలాలు

హుస్సేన్ సాగర్ తీర విహార స్థలాలు అనగా హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల మధ్యనున్న హుస్సేన్ సాగర్ సరస్సు చుట్టూ ఏర్పడిన ఉద్యానవనాలు, పడవ రేవులు, విహార రహదారులు. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల వారికి ఇవి బాగా దగ్గరలో ఉన్న జలాశయ తీర విహార స్థలాలు. పాఠశాలల వేసవి సెలవులలో పిల్లలతో వచ్చే కుటుంబాలు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఎండ తీవ్రత, సరస్సు నీటి కాలుష్యం రెండూ హెచ్చుగా ఉండేది కూడా ఈ కాలంలోనే. కనుక వెళ్ళవలసిన వేళను, స్థలాన్ని ముందుగా నిర్ణయించుకొనుట మంచిది.

చరిత్ర

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనాకాలంలో, 1562-63 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ ఈ చెరువును మూసీనది ఉపనదిపై నిర్మించాడు. చెరువుకు ఆయన పేరే స్థిరపడింది. చాలాకాలం ఇది నగరానికి త్రాగునీటిని అందించింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయిన తరువాత ఆ అవసరం తీరిపోయింది. నగరం విస్తరించిన కొద్దీ మురుగునీరు చేరి, త్రాగునీటి చెరువు కేవలం విహార స్థలంగా మిగిలింది.

సరస్సు మధ్యలోని 58 అడుగుల ఏకశిలా బుద్ధ విగ్రహ నిర్మాణం ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు చొరవతో 1985లో మొదలైనది. శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతి. 1990 మార్చి 10న విగ్రహాన్ని తీసుకొని పోవుచున్న పడవ మునిగి, పనివారు కొందరు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు రెండు సంవత్సరాలకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికితీసి, 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు.

చూడదగిన ప్రదేశాలు

లుంబినీ పార్కు: సరస్సు దక్షిణ తీరాన 7.5 ఎకరాలలో 1994లో ప్రారంభమైనది. మాజీ ముఖ్యమంత్రి టి. అంజయ్య పేరును దీనికి తరువాత చేర్చారు. బుద్ధ విగ్రహం వద్దకు పడవలు ఇక్కడి రేవు నుండి బయలుదేరుతాయి. 2007 ఆగస్టు 25న ఇక్కడ జరిగిన బాంబు పేలుడులో పలువురు మరణించారు.

ఎన్.టి.ఆర్. గార్డెన్స్: లుంబినీ పార్కుకు సమీపంలో, ఎన్.టి.ఆర్. మార్గ్ మీద ఉన్నది. దీని ప్రక్కనే 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం గలదు.

సంజీవయ్య పార్కు: ఉత్తర తీరాన 92 ఎకరాలలో విస్తరించి ఉన్నది. చెట్ల నీడ ఎక్కువ. 2016 జూన్ 2న ఇక్కడ 291 అడుగుల స్తంభంపై జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. పార్కుకు దామోదరం సంజీవయ్య పేరు పెట్టగా, ఎస్.ఆర్. నగర్‌కు ఆ పేరు నీలం సంజీవరెడ్డి వలన వచ్చినది. ఈ రెండు పేర్లను కొందరు ఒకటిగా పొరబడుతుంటారు. సంజీవరెడ్డి రెండు పర్యాయాల పాలనకు మధ్య, 1960 నుండి 1962 వరకు, సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేశాడు.

నెక్లెస్ రోడ్డు: పశ్చిమ, ఉత్తర తీరాల వెంబడి సాగే రహదారి. 2021లో దీనికి పి.వి. నరసింహారావు పేరు పెట్టారు. రుసుము చెల్లించి నీటి ఆటలు ఆడుకొనే జలవిహార్ ఈ రహదారి మీదనే ఉన్నది.

ట్యాంక్‌బండ్: తూర్పు వైపునున్న చెరువు కట్ట. దీనిపై 1986లో తెలుగు ప్రముఖుల విగ్రహాలను నెలకొల్పారు. ఇక్కడ నిలబడినవారికి పడమట నీటి మీదుగా సూర్యాస్తమయం కనిపిస్తుంది.

చేరుకొనే విధానం

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషను నుండి ఎల్.బి. నగర్ వైపు వెళ్ళే రైలులో అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్ దాటిన తరువాత ఖైరతాబాదు వస్తుంది. నెక్లెస్ రోడ్డుకు వెళ్ళేవారు అక్కడ దిగవచ్చు. లుంబినీ పార్కుకు వెళ్ళేవారు లక్డీకాపూల్ లేదా అసెంబ్లీ స్టేషనులో దిగి ఆటోలో వెళ్ళుట సులభం.

ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కదలచినవారికి అమీర్‌పేట సమీపంలో నేచర్ క్యూర్ హాస్పిటల్ స్టేషను ఉన్నది. బేగంపేట తరువాత మార్గం రెండుగా చీలుతుంది. నాంపల్లి వైపు రైలు నెక్లెస్ రోడ్డు స్టేషను మీదుగా, సికింద్రాబాదు వైపు రైలు సంజీవయ్య పార్కు స్టేషను మీదుగా వెళ్తాయి. కావున ఎక్కే ముందు రైలు గమ్యస్థానం చూసుకోవాలి.

అనువైన వేళ

మే నెలలో హైదరాబాదు సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 39 డిగ్రీల సెల్సియస్. 1966 జూన్ 2న ఇది 45.5 డిగ్రీలకు చేరినది. మేలో సూర్యోదయం సుమారు 5:45కు, సూర్యాస్తమయం సుమారు 6:40కి అవుతాయి. ఉదయం తొమ్మిదిలోపు నడకకు, సాయంత్రం ఐదు తరువాత పడవ విహారానికి అనుకూలం. మధ్యాహ్నపు ఎండలో చిన్నపిల్లలను, వృద్ధులను తీసుకొని వెళ్ళరాదు. ప్రవేశ వేళలు, రుసుములు, సెలవు దినాలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు తెలుసుకోవాలి.

నీటి కాలుష్యం

కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఈ సరస్సులో కలుస్తాయి. వీటిలో కూకట్‌పల్లి నాలా ద్వారా పారిశ్రామిక వ్యర్థాలు కూడా చేరుతూ వచ్చాయి. వేసవిలో వాననీరు చేరదు, ఉన్న నీరు ఆవిరి అవుతుంది. మిగిలిన నీటిలో మలినాల గాఢత పెరుగుతుంది. వేడికి నాచు పెరిగి, అది కుళ్ళినపుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి దుర్వాసన వస్తుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు, నాలాల మళ్ళింపు వంటి చర్యలు చేపట్టినప్పటికీ ఈ నీరు స్నానానికి పనికిరాదు. పిల్లలు నీటిలో చేతులు పెట్టకుండా, దానితో ముఖం కడుగుకొనకుండా పెద్దలు చూడాలి.

జాగ్రత్తలు

త్రాగునీరు, గొడుగు లేదా టోపీ వెంట తీసుకొనిపోవాలి. పడవ కదలక ముందే పిల్లలతో సహా అందరూ లైఫ్ జాకెట్ ధరించాలి. పరిమితికి మించి జనం ఎక్కిన పడవలో ఎక్కరాదు. ఏప్రిల్, మే నెలలలో సాయంత్రపు వేళ ఈదురుగాలులు, ఉరుములతో కూడిన వాన హఠాత్తుగా వచ్చుట సాధారణం. మబ్బు పట్టినపుడు పడవ విహారం మానుకొని తీరాననే ఉండుట క్షేమం. ప్లాస్టిక్ సంచులు, తినుబండారాల పొట్లాలు నీటిలో వేయరాదు.