ఇద్దరు గిల్‌క్రిస్ట్‌లు, ఒక చాదర్‌ఘాట్: బయటి ఆటగాడికి పర్మిషన్ ఎవరిస్తారు?

వెనక హారన్ల సౌండ్ వస్తోంది కదా, సారీ. ఈ ఎపిసోడ్ చాదర్‌ఘాట్ బ్రిడ్జి పక్కనే షూట్ చేస్తున్నాను. మా ఇల్లు ఇక్కడికి రెండు గల్లీల దూరం. నా కథ పాత వ్యూయర్స్‌కి తెలుసు: బీటెక్, ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్, మూడుసార్లు హెచ్1బీ లాటరీ, మూడుసార్లూ పేరు రాలేదు. ఇప్పుడు మీ ముందున్నాను. ఏడవడానికి చెప్పట్లేదు, కానీ వీసా అనే మాట వింటే నా చెవులు ఇప్పటికీ నిక్కబొడుచుకుంటాయి.

పోయిన వారం ఒక వ్యూయర్ అడిగాడు: "అన్నా, బ్రిటన్‌లో స్పీడ్‌వే రేసులు చూస్తున్నా. సగం మంది రైడర్లు ఆస్ట్రేలియా, పోలండ్, డెన్మార్క్ వాళ్ళు. వాళ్ళకి వర్క్ వీసా ఎట్లా ఇస్తారు?" స్పీడ్‌వే తెలియని వాళ్ళకి చిన్నగా చెప్తా. 500 సీసీ బైక్, ఒకటే గేర్, పెట్రోల్ బదులు మెథనాల్, బ్రేకులు అసలే ఉండవు. మట్టి ట్రాక్ మీద పక్కకి జారుతూ మలుపు తిరగాలి. బ్రెగ్జిట్ ముందు యూరప్ రైడర్లకి బ్రిటన్‌లో పనిచేయడానికి వీసానే అక్కర్లేదు. 2021 నుంచి కావాలి. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్ అనే కొత్త వీసా వచ్చింది. దానికి అప్లై చేయాలంటే ముందు ఆ ఆటని నడిపే సంస్థ "ఇతను పై లెవెల్ ఆటగాడే" అని లెటర్ ఇవ్వాలి. ఆ లెటర్ లేకపోతే ప్రభుత్వం ఫైల్ కూడా తెరవదు.

అంటే గేట్లు రెండు. ఒకటి సర్కారు గేటు, ఇంకోటి ఆట గేటు. ఒకటి తెరుచుకుని ఇంకోటి మూసి ఉంటే లోపలికి పోలేవు. ఈ రెండు గేట్ల కథ మన హైదరాబాద్‌లో కూడా జరిగింది. బైకుల్లో కాదు, క్రికెట్‌లో.

దానికి ముందు ఈ ఏరియా గురించి ఒక్క విషయం. కోఠి ఉమెన్స్ కాలేజీ బిల్డింగ్ చూశారు కదా, ఆ పెద్ద స్తంభాలు? అది బ్రిటిష్ రెసిడెన్సీ. ఇక్కడ బయటివాళ్ళకి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అనే రూల్ అంతకన్నా కొంచెం ముందే పుట్టింది. 1798 సెప్టెంబర్‌లో నిజాం, ఈస్టిండియా కంపెనీ ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం నిజాం సైన్యంలో ఉన్న ఫ్రెంచ్ అధికారులని తీసేయాలి. ఇక మీద కంపెనీ ఒప్పుకోకుండా ఏ యూరోపియన్‌నీ కొలువులో పెట్టుకోకూడదు. ఫ్రెంచ్ దళాన్ని పెంచిన రేమాండ్ ఆ ఏడాది మార్చిలోనే చనిపోయాడు. జనం ఆయన్ని మూసా రామ్ అని పిలిచేవాళ్ళు, మలక్‌పేట దాటాక వచ్చే మూసారాంబాగ్ ఆయన పేరే. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ ఉంది కదా, అక్కడ ఫిరంగులు పోయించింది కూడా ఆయనే. అక్టోబర్‌లో ఆయన దళంలోని వేల మంది చేతుల్లోంచి ఆయుధాలు తీసేసుకున్నారు. ఉద్యోగం ఇచ్చేది నిజాం, పర్మిషన్ ఇచ్చేది ఇంకొకడు. రెండు గేట్లు అప్పుడే ఉన్నాయన్నమాట.

ఆ గన్‌ఫౌండ్రీకి ఆనుకునే ఫతే మైదాన్. మనం ఎల్బీ స్టేడియం అంటాం, ఆ పేరు 1967లో వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

హైదరాబాద్‌కి ఆడిన గిల్‌క్రిస్ట్ ఎవరంటే మీరు టక్కున ఆడమ్ గిల్‌క్రిస్ట్ అంటారు. కరెక్టే, డెక్కన్ ఛార్జర్స్. 2008లో అట్టడుగున ఉన్న టీమ్, 2009లో ఆయన కెప్టెన్సీలో సౌతాఫ్రికాలో కప్ కొట్టింది, ఫైనల్‌లో బెంగళూరు మీద 6 పరుగులతో. కానీ ఆయనకన్నా 46 ఏళ్ళ ముందే ఇంకో గిల్‌క్రిస్ట్ ఇక్కడికి వచ్చాడు. రాయ్ గిల్‌క్రిస్ట్. జమైకా వాడు, ఫాస్ట్ బౌలర్. 1962-63 సీజన్‌లో రంజీ ట్రోఫీలో హైదరాబాద్ తరఫున ఆడాడు. నేను మొదట చదివినప్పుడు నమ్మలేదు. రంజీలో వెస్టిండీస్ వాడేంటి?

ఎందుకంటే 1962 మొదట్లో ఇండియా వెస్టిండీస్ టూర్‌కి పోయి 5-0తో ఓడిపోయింది. అది కూడా చిన్న విషయమే అనిపించే ఘటన ఇంకోటి జరిగింది. బార్బడోస్‌తో మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకి తగిలి పుర్రె పగిలింది. హెల్మెట్లు లేని రోజులు. ఆయన బతకడానికి వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ రక్తం ఇచ్చాడు. కాంట్రాక్టర్ మళ్ళీ ఇండియాకి ఆడలేదు. 21 ఏళ్ళ పటౌడీ అప్పటికప్పుడు కెప్టెన్ అయ్యాడు.

మన దగ్గర ఆ స్పీడ్ వేసేవాళ్ళు లేరు. నెట్స్‌లో ప్రాక్టీస్ చేద్దామంటే ఎవరితో చేస్తారు? అందుకని బోర్డు బౌలర్లనే ఇంపోర్ట్ చేసింది. నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లని పిలిచి నాలుగు జట్లకి పంచింది: చార్లీ స్టేయర్స్ బొంబాయికి, లెస్టర్ కింగ్ బెంగాల్‌కి, చెస్టర్ వాట్సన్ ఢిల్లీకి, గిల్‌క్రిస్ట్ మనకి. ఒక జట్టుకి ఒక్కడే. ఐపీఎల్‌లో ఒక మ్యాచ్‌లో నలుగురు విదేశీయులే అనే రూల్ మీద మనం ఇప్పుడు రాత్రంతా కొట్టుకుంటాం కదా, దానికి ఇది ముత్తాత లాంటిది. కాకపోతే అప్పటి లెక్క వేరు. వాళ్ళని తెచ్చింది టికెట్లు అమ్మడానికి కాదు, మన బ్యాట్స్‌మెన్‌కి భయం పోగొట్టడానికి.

ఇప్పుడు అసలు ట్విస్ట్. వచ్చిన నలుగురిలో అందరికన్నా భయంకరమైన బౌలర్ గిల్‌క్రిస్టే. కానీ అప్పటికి సొంత దేశం అతన్ని టెస్టుల్లోకి తీసుకోవడం మానేసి మూడేళ్ళయింది. అలా మానేయడానికి కారణమైన మ్యాచ్ జరిగింది ఎక్కడో కాదు, ఇండియాలోనే!

1958-59లో వెస్టిండీస్ మన దేశానికి వచ్చినప్పుడు అతను నాలుగు టెస్టుల్లో 26 వికెట్లు తీశాడు. కలకత్తాలో రెండో ఇన్నింగ్స్‌లో 55 పరుగులకి 6. ఆ కలకత్తా టెస్టులో ఇండియా కెప్టెన్ ఎవరనుకుంటున్నారు? మన హైదరాబాదీ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. టూర్ చివర్లో అమృత్‌సర్‌లో నార్త్ జోన్ మ్యాచ్ జరిగింది. అందులో గిల్‌క్రిస్ట్, స్వరంజిత్ సింగ్ అనే బ్యాట్స్‌మన్‌కి బీమర్లు వేశాడు, అంటే పిచ్ మీద పడకుండా నేరుగా తల మీదికి వచ్చే బంతులు. కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్ వద్దన్నా ఆపలేదు. లంచ్ తర్వాత అతన్ని బౌలింగ్‌కే రానివ్వలేదు, టీమ్ పాకిస్తాన్ పోతుంటే అతన్ని ఇంటికి పంపించేశారు. 13 టెస్టులు, 57 వికెట్లు, వయసు 24. అంతే, మళ్ళీ టెస్ట్ ఆడలేదు.

ఆ తర్వాత అతను ఇంగ్లండ్‌లో లాంకషైర్ లీగ్‌లో క్లబ్బులకి డబ్బులకి ఆడుకుంటూ బతికాడు. అట్లాంటి మనిషిని, ఏ దేశంలో చేసిన తప్పుకి ఇంటికి పంపారో ఆ దేశమే మూడేళ్ళ తర్వాత జీతమిచ్చి పిలిచింది. తను ఓడించిన కెప్టెన్ ఊరికే వచ్చి, జయసింహ లాంటి వాళ్ళు ఆడే జట్టులో కలిశాడు.

అతను మంచోడని నేను అనట్లేదు. మైదానంలో కోపం, బయట ఇంకా పెద్ద కోపం. 1967లో భార్య మీద దాడి చేసినందుకు ఇంగ్లండ్ కోర్టు దోషిగా తేల్చింది. అది దాచిపెట్టి హీరోని చేస్తే తప్పవుతుంది. నేను చూస్తున్నది రూల్‌ని. తలుపు మూసింది ఒక బోర్డు, తెరిచింది ఇంకో బోర్డు. మనిషి అదే, బౌలింగ్ అదే. అవసరం మారింది, అర్హత కూడా మారిపోయింది.

ఇంతకీ ఆ ప్రాక్టీస్ పనిచేసిందా? అంటే, ఒక మ్యాచ్ చెప్తా. రంజీ క్వార్టర్ ఫైనల్, ఈడెన్ గార్డెన్స్, బెంగాల్ మీద హైదరాబాద్. ఫాస్ట్ బౌలింగ్ అంటే భయపడతాడని పేరు పడ్డ పంకజ్ రాయ్, గిల్‌క్రిస్ట్‌ని ఎదుర్కొని రెండు ఇన్నింగ్స్‌లో రెండు సెంచరీలు కొట్టాడు. 112 నాటౌట్, 118. మన హైదరాబాద్‌కి అది చేదు, బోర్డు ప్లాన్‌కి మాత్రం హిట్. ఆ ఏడాది కప్ స్టేయర్స్ ఉన్న బొంబాయి తీసుకుపోయింది. అది మామూలే.

గిల్‌క్రిస్ట్ రావడానికి ఒక్క ఏడాది ముందు, 1961లో, ఇదే ఊరి నుంచి ఒక కుర్రాడు వెళ్ళిపోయాడు. ఆసిఫ్ ఇక్బాల్. 1943లో హైదరాబాద్‌లో పుట్టాడు. గులాం అహ్మద్‌కి మేనల్లుడు. సానియా మీర్జా కూడా వీళ్ళ చుట్టాలే. ఆసిఫ్ హైదరాబాద్‌కి రంజీ ఆడాడు. 1960-61లో పాకిస్తాన్ టీమ్ ఇండియాకి వస్తే సౌత్ జోన్ తరఫున వాళ్ళ మీద బౌలింగ్ కూడా చేశాడు. కొన్ని నెలలకి కుటుంబంతో కరాచీ వెళ్ళిపోయాడు, వయసు 18. 1964లో పాకిస్తాన్ తరఫున టెస్ట్ ఆడాడు, తను ఎవరి మీద బౌలింగ్ చేశాడో వాళ్ళ పక్కనే నిలబడి.

ఇప్పుడైతే ఐసీసీ రూల్ స్పష్టంగా ఉంది: ఆ దేశంలో పుట్టాలి, లేదా అక్కడి పౌరుడవ్వాలి, లేదా వరసగా 3 ఏళ్ళు అక్కడ నివాసముండాలి. మా బ్యాచ్‌లో అమెరికా పోయినవాళ్ళలో ఒకడు వీకెండ్ లీగ్ ఆడుతుంటాడు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు గానీ అమెరికా టీమ్‌కి ఆడే అర్హత మాత్రం ఆల్రెడీ వచ్చేసిందిరా అని వాడి జోకు. నవ్వొస్తుంది, కానీ నిజమే. రెండు గేట్లకి రెండు గడియారాలు.

1962నే ఇంకో తలుపు కూడా పడింది. అప్పటిదాకా ఇండియా, పాకిస్తాన్, జమైకా వాళ్ళు బ్రిటన్‌కి దాదాపు ఫ్రీగా పోయి పని చేసుకునేవాళ్ళు. ఆ ఏడాది జులై 1 నుంచి కామన్వెల్త్ ఇమిగ్రెంట్స్ యాక్ట్ అమల్లోకి వచ్చింది, పనికి పోవాలంటే వోచర్ కావాలి. ఏ కేటగిరీ అంటే చేతిలో ఉద్యోగం ఉన్నవాళ్ళు, బీ అంటే చదువు, నైపుణ్యం ఉన్నవాళ్ళు, సీ అంటే మిగతా అందరూ, క్యూలో నిలబడాలి. హెచ్1బీ క్యూలో ఉన్నవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టు అనిపిస్తే అది మీ తప్పు కాదు.

సర్కారు గేటు ఇలా బిగుస్తుంటే, ఆట గేటు ఉల్టా తెరుచుకుంది. ఇంగ్లండ్ కౌంటీల్లో విదేశీ ఆటగాడు ఛాంపియన్‌షిప్ ఆడాలంటే ముందు అక్కడ నివాసం ఉండి అర్హత సంపాదించాలి. ఆడకుండా ఊరికే కూర్చోవాలన్నమాట. స్టేడియాలు ఖాళీ అవుతుంటే భయపడి 1968లో రూల్ మార్చారు: ప్రతి కౌంటీ ఒక విదేశీ ఆటగాణ్ణి వెయిటింగ్ లేకుండా వెంటనే తీసుకోవచ్చు. గ్యారీ సోబర్స్ నాటింగ్‌హామ్‌షైర్‌కి పోయాడు. కెంట్ ఎవరిని తీసుకుంది? మన ఆసిఫ్‌ని. అంతకుముందు ఏడాది ఓవల్ టెస్టులో 9వ నంబర్‌లో దిగి 146 కొట్టాడు, ఇంతిఖాబ్ ఆలంతో కలిసి తొమ్మిదో వికెట్‌కి 190 పరుగులు. ఆ ఇన్నింగ్సే అతని వీసా లెటర్ అనుకోండి. 1982 దాకా కెంట్‌లోనే ఉన్నాడు. 1977లో అతని కెప్టెన్సీలో కెంట్, మిడిల్‌సెక్స్‌తో కలిసి ఛాంపియన్‌షిప్ పంచుకుంది. హైదరాబాద్‌లో పుట్టి, పాకిస్తాన్‌కి ఆడుతూ, ఒక ఇంగ్లిష్ కౌంటీకి కెప్టెన్. ఏ ఫారంలో ఏ గడి నింపాలి?

1979-80లో అతను పాకిస్తాన్ కెప్టెన్‌గా ఇండియాకి వచ్చాడు. 1980లో తన చివరి టెస్ట్ కలకత్తాలో ఆడాడు. ఈడెన్ గార్డెన్స్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పాకిస్తాన్ కెప్టెన్‌కి, కలకత్తాలో!

మొదట ప్రశ్న అడిగిన తమ్ముడికి: నువ్వు స్పీడ్‌వే రైడర్ అవ్వాలనుకుంటే ముందు ఆ లెటర్ ఇచ్చే సంస్థ రూల్స్ చదువు, వీసా ఫారం తర్వాత. అది తెలియక ముందు ఫీజులు కట్టేసి నష్టపోయినవాణ్ణి నేను. ఒక కన్సల్టెన్సీ, పేరు చెప్పను, నా డబ్బు తీసుకుని నాకు అర్హతే లేని కేటగిరీలో ఫైల్ రెడీ చేసింది. అది నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది.

కెమెరా ఇప్పుడు అటు తిప్పుతున్నా చూడండి. ఈ బ్రిడ్జి 1831లో కర్నల్ ఆలిఫెంట్ కట్టించింది. ఇక్కణ్ణుంచి కోఠి, ఆబిడ్స్ మీదుగా పోతే ఎల్బీ స్టేడియం. ఆబిడ్స్ పేరు కూడా ఒక బయటి మనిషిదే, ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్. ఆయన కథ వేరే ఎపిసోడ్‌లో. ఇప్పుడు స్టేడియం దాకా నడుస్తున్నా, మీ ఇంట్లో తాతయ్యలెవరైనా 1962లో క్రికెట్ చూసేవాళ్ళుంటే గిల్‌క్రిస్ట్ పేరు చెప్పి అడగండి, వాళ్ళేమన్నారో నాకు వాయిస్ మెసేజ్ పంపండి.