మంచుగదిలో యజమాని

2018 నవంబరులో దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్‌ల పెళ్లికి వేదికైన సరస్సు ఒడ్డు భవనం గురించి మన దగ్గర కూడా చాలామందే చెప్పుకున్నారు. దాని పేరు విల్లా దెల్ బాల్బియానెల్లో. ఆ ఇంటి చివరి యజమాని అప్పటికీ ఆ తోటలోనే ఉన్నాడన్న సంగతి మాత్రం తెలిసినవాళ్లు తక్కువ.

ఉత్తర ఇటలీలోని కోమో సరస్సులోకి, లెన్నో ఊరి పక్కన, ఒక కొండముక్కు పొడుచుకొచ్చి ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఉండేది. వాళ్ల చర్చి జంట గోపురాలు నేటికీ చెక్కుచెదరలేదు. 18వ శతాబ్దం చివర్లో కార్డినల్ ఆంజెలో మరియా దురీని ఆ చోటు కొని భవనం కట్టించాడు. నిజానికి ఆయన ముందు మనసు పడ్డది దగ్గర్లోని కొమచినా దీవి మీద, అది చేజిక్కలేదు. కొండ నెత్తిన ఆయన వేయించిన మండపంలో నిలబడితే ఒకవైపు ఆ దీవే కనిపిస్తుంది. దక్కనిదాన్ని రోజూ చూస్తూ కూర్చోవడం కార్డినల్‌గారికి ఓదార్పో, ఉడుకుమోతుతనమో!

నేలంతా రాయి, ఏటవాలు. గీత గీసినట్టుండే ఇటాలియన్ తోటకు అక్కడ వీల్లేదు. అందుకే చెట్లనే చెప్పినట్టు వినేలా పెంచారు. ఒక పెద్ద ఓక్ చెట్టునైతే సరస్సుకు అడ్డు రాకుండా గొడుగులా కత్తిరిస్తారు.

చేతులు మారుతూ మారుతూ ఇల్లు బట్లర్ ఏమ్స్ అనే అమెరికన్‌కు చేరింది. ఆయన వారసుల దగ్గర 1974లో గుయిదో మొంజీనో కొన్నాడు.

స్టాండా దుకాణాల కుటుంబంలో పుట్టిన మొంజీనోకు వ్యాపారంకన్నా మంచు మీదే మమకారం. 1959లో కారకోరంలోని కంజుత్ సర్ శిఖరానికి జట్టును నడిపించాడు. 1971లో కుక్కలు లాగే స్లెడ్జి బండ్లతో ఉత్తర ధ్రువం చేరాడు. 1973లో ఆయన నాయకత్వంలోనే ఇటలీవాళ్లు తొలిసారి ఎవరెస్టు ఎక్కారు. సామాను మోతకు హెలికాప్టర్లు తెచ్చాడని పర్వతారోహకులు కొందరు ముఖం చిట్లించారు కూడా.

ఆ మరుసటేడే ఈ ఇల్లు. పై అంతస్తులో యాత్రల మ్యూజియం పెట్టుకున్నాడు. ధ్రువయాత్ర స్లెడ్జి అక్కడే ఉంది. కింద చైనా కళాఖండాలు, ఇంగ్లిష్ కుర్చీలు బల్లలు, వేల పుస్తకాలు. ఇటలీలో ధనవంతుల్ని ఎత్తుకుపోతున్న రోజులు కావడంతో గోడల మాటున రహస్య దారులూ వేయించాడు.

పెళ్లి లేదు, పిల్లలు లేరు. 1988లో చనిపోతూ ఇంటిని, తోటను, వస్తువులను ఫాయ్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థకు రాసిచ్చాడు. నాలుగు గోడల మధ్య అంత భద్రంగా బతికిన మనిషి ఇంట్లో ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా తిరగొచ్చు. 2006 నాటి జేమ్స్ బాండ్ చిత్రం ‘కసీనో రాయల్’లో హీరో కోలుకునేది ఈ తోటలోనే.

తోటలో ఒక పాత మంచుగది ఉంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో వేసవి కోసం మంచు దాచుకున్న చోటు. మొంజీనో సమాధి అందులోనే.