లెక్కలో తేలిన రసాయన చర్య

అణువులు చర్య జరిపే క్షణంలో ఏ బంధం ఎప్పుడు తెగుతుందో, ఏది ఎప్పుడు ముడిపడుతుందో నేరుగా గమనించడం చాలా కష్టం కనుక, క్వాంటం సిద్ధాంతం ఆధారంగా ఆ మార్పును కంప్యూటరుపై లెక్కగట్టే గణన రసాయన శాస్త్రం 20వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. చర్య జరిగే దారిలో అత్యధిక శక్తి గల అమరికను పరివర్తన స్థితి అంటారు. అది క్షణకాలమైనా నిలిచేది కాదు కాబట్టి దాని రూపురేఖలు ప్రధానంగా లెక్కలోనే తేలుతాయి.

తెలుగు నేలపై ఈ శాస్త్రం వేళ్లూనిన ముఖ్యమైన చోటు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం. 1974లో ఏర్పడిన ఈ సంస్థలో కర్బన సంశ్లేషణలో దిట్ట అయిన గోవర్ధన్ మెహతా ప్రయోగశాల నడుపుతుండగా, కార్నెల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త రోల్డ్ హాఫ్‌మన్ వద్ద పనిచేసి వచ్చిన ఇ.డి. జెమ్మిస్ 1980లో చేరి సైద్ధాంతిక రసాయన శాస్త్రానికి పునాది వేశారు.

మెహతా బృందం 1990 ప్రాంతంలో ఎంచుకున్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా లోతైనది. నార్బోర్ననోన్ అనే పంజరం వంటి కీటోన్‌లో కార్బొనిల్ సమూహానికి ఉన్న రెండు ముఖాలూ దాదాపు సమానంగా తెరిచే ఉంటాయి. అలాంటప్పుడు చర్యకు వచ్చే హైడ్రైడ్ ఏ ముఖాన్ని ఎంచుకుంటుందన్నదే ఆ ప్రశ్న. దూరంగా అవతలి అంచున ఎలక్ట్రాన్లను లాక్కునే ఎస్టర్ సమూహాలను అమర్చితే హైడ్రైడ్ ఎక్కువగా ఆ సమూహాలున్న వైపు నుంచే వచ్చి చేరుతుంది, వాటి స్థానంలో ఇథైల్ సమూహాలుంటే ఎదుటి వైపును ఎంచుకుంటుంది. చోటు ఇరుకై కలిగే అడ్డంకితో దీన్ని వివరించలేరు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జె. చంద్రశేఖర్‌తో కలిసి చేసిన గణనల్లో, ఎలక్ట్రాన్ కక్ష్యకాల (ఆర్బిటాళ్ల) పరస్పర చర్యతో పాటు స్థిర విద్యుదాకర్షణనూ లెక్కలోకి తీసుకోక తప్పదని తేలింది. 1999లో మెహతా, చంద్రశేఖర్ ఈ విషయమంతటినీ ఒక సమీక్షా వ్యాసంలో క్రోడీకరించారు. ఫ్లాస్కులో తలెత్తిన సందేహానికి లెక్క బదులు చెప్పడం, ఆ బదులును మళ్లీ ఫ్లాస్కులోనే పరీక్షించడం ఈ కృషికున్న అసలు విలువ.

జెమ్మిస్ శిష్యుడు గరికపాటి నరహరి శాస్త్రి ఈ విద్యను తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో విస్తరించి, 2011లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు.

నేడు ఇటువంటి గణనలకు ఉచిత ప్రోగ్రాములు దొరుకుతున్నాయి, చిన్న అణువులకు మామూలు కంప్యూటరే చాలు. కనుక కోరుకొండ, రాజానగరం వంటి చిన్న ఊళ్ల డిగ్రీ విద్యార్థులకు కూడా పరీక్షనాళికతో పాటు ఈ లెక్కనూ నేర్పే బాధ్యతను కళాశాలలు ఇక వాయిదా వేయకూడదు.