పంటి బాండింగ్: ఖతర్‌లో చరిత్ర

విరిగిన, అరిగిన, మరకలు పడిన, సందులున్న ముందు పళ్లకు పంటి రంగు రెసిన్ అతికించి, కాంతితో గట్టిపరచి తీర్చిదిద్దే చికిత్స పంటి బాండింగ్. దోహా క్లినిక్‌లలో ఇప్పుడిది మామూలు పని. అయితే ఖతర్‌కు ఈ విద్య పూర్తిగా తయారయ్యాకే చేరింది. పుట్టిందీ పెరిగిందీ అమెరికా, బ్రిటన్, జపాన్‌లలో.

అందం కోసం పళ్లకు తొడుగు వేయడం 1930ల హాలీవుడ్‌లోనే ఉంది. చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటుల పళ్లకు పలుచని రేకులు తొడిగేవాడు. అవి షూటింగ్ దాకానే, భోజనానికి తీసేయాల్సిందే. 1940లలో అక్రిలిక్ వచ్చింది. గట్టిపడేటప్పుడు అది కుంచించుకుపోయేది, అంచున సందు ఏర్పడేది, అందులోకి ఉమ్మి చేరి పన్ను మళ్లీ పుచ్చేది. చిక్కంతా అతుకు దగ్గరే. పంటి పైపొర అయిన పింగాణీ (ఎనామిల్) నున్నగా ఉంటుంది, నోరు ఎప్పుడూ తడిగా ఉంటుంది.

ఆ చిక్కు విప్పింది న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ దంత వైద్యశాలకు చెందిన మైఖేల్ బ్యూనోకోర్. రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో లోహానికి ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. అదే పని ఆయన పంటి మీద చేశాడు. 85 శాతం ఆమ్లాన్ని 30 సెకన్లు ఉంచి కడిగితే పింగాణీలో కంటికి కనబడని గుంటలు పడ్డాయి. గంటల్లో ఊడిపోయే అక్రిలిక్ వారాల తరబడి నిలిచింది. ఈ ఫలితం 1955లో అచ్చయింది. పేరు ఎక్కువగా రెసిన్‌కే దక్కింది గానీ, అసలు మలుపు ఈ అర నిమిషం ఆమ్లమే.

రెసిన్ సంగతి తేల్చినవాడు రఫేల్ బోవెన్. బిస్-జీఎంఏ అనే రెసిన్‌లో సిలికా పొడి కలిపి ఆయన చేసిన కాంపోజిట్‌కు 1962లో పేటెంట్ వచ్చింది. 1970లలో దాన్ని గట్టిపరచడానికి అతినీలలోహిత కాంతి వాడారు. ఆ దశాబ్దం చివర నీలి కాంతి దీపాలు వచ్చాయి. పింగాణీ కింది డెంటిన్‌కు కూడా ఆమ్లం పూయవచ్చని జపాన్‌లో తకావో ఫుసాయామా అంటే, పన్ను చచ్చిపోతుందని పాశ్చాత్యులు చాలాకాలం ఒప్పుకోలేదు. రెసిన్ డెంటిన్‌లోకి ఇంకి ఒక కొత్త పొరగా మారుతుందని 1982లో నకబయాషి చూపించాడు.

కుర్చీలో జరిగేది ఇది. మొదట రంగు ఎంచుతారు, అదీ పన్ను తడిగా ఉండగానే. ఆరితే పన్ను ఉన్నదానికన్నా తెల్లగా కనబడుతుంది, ఎంచిన రంగు తప్పుతుంది. తర్వాత నీలం జెల్ (ఇప్పుడు 37 శాతం ఆమ్లం) పూసి, కడిగి, ఆరబెడితే ఆ చోటు సుద్దలా తెల్లబడుతుంది. దాని మీద జిగురు, ఆపైన రెండు మిల్లీమీటర్లు మించకుండా రెసిన్ పొరలు, పొరపొరకూ దీపం. చివర మెరుగు పెడతారు. తొందరపడి మెరుగు సరిగా పెట్టని పంటికి మరక త్వరగా పడుతుంది. పొద్దునా సాయంత్రమూ కరక్ చాయ్ తాగే దోహాలో ఇది చిన్న విషయం కాదు.

ఇక ఖతర్ సంగతి. చమురుకు ముందు ఆ దేశం ముత్యాల వేట మీద బతికింది. అక్కడ పళ్లు తోమడానికి వాడిన మిస్వాక్ మన పందుంపుల్లకు చుట్టమే. 1957లో రుమైలా ఆసుపత్రి తెరిచారు. 1979లో హమద్ మెడికల్ కార్పొరేషన్, 1982లో హమద్ జనరల్ ఆసుపత్రి వచ్చాయి. ప్రభుత్వ వైద్యం నొప్పి, పుచ్చు, చిగుళ్ల పని చూసుకుంటే, అందం కోసం చేసే పని ఎక్కువగా ప్రైవేటు క్లినిక్‌ల పాలయింది. దేశంలో తొలి దంతవైద్య కళాశాల ఖతర్ విశ్వవిద్యాలయంలో మొదలైంది 2019లోనే. అంతదాకా దంతవైద్యులంతా బయట చదివినవాళ్లే. భారత్ నుంచి వెళ్లేవాళ్లు ఇప్పటికీ సర్టిఫికెట్లు డేటాఫ్లో అనే సంస్థతో సరిచూపించుకుని, ప్రొమెట్రిక్ అనే అర్హత పరీక్ష గట్టెక్కాలి.

అక్కడి తెలుగువాళ్లలో కొందరికి ఈ చికిత్స అవసరం ఊరి నీటి నుంచే వచ్చింది. నీటిలోని ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు మన దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతంలో. ఆ తర్వాత నల్లగొండ పేరు దానికి మారుపేరైంది. ఆ జబ్బుతో పళ్ల మీద వచ్చే గోధుమ మచ్చలకు పింగాణీ ఏర్పడే పసితనంలోనే బీజం పడుతుంది. తర్వాత దోహాలో ఎన్నేళ్లు శుద్ధి చేసిన సముద్రపు నీళ్లు తాగినా ఆ మచ్చలు పోవు. పైగా ఫ్లోరైడ్ పట్టిన పింగాణీ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే డాక్టర్లు పై పొర కొంచెం అరగదీస్తారు, లేదా జెల్ మరికాసేపు ఉంచుతారు. మచ్చ ముదురైతే దాన్ని కప్పడానికి వెలుగు చొరని రెసిన్ పొర ముందు వేస్తారు.

బాండింగ్ శాశ్వతం కాదు. కొన్నేళ్లకు అంచు పెచ్చులూడుతుంది, రంగు మారుతుంది. అయితే మొత్తం పీకనక్కర్లేదు. పాత రెసిన్‌ను గరుకు చేసి కొత్తది అతికిస్తారు. సెలవుకు ఊరొచ్చినప్పుడు పళ్ల పని చేయించుకుని వెళ్లేవారు ఏ కంపెనీ రెసిన్, ఏ రంగు నంబరు వాడారో చీటీ మీద రాయించుకుంటే, దోహాలో అంచు ఊడినప్పుడు అక్కడి డాక్టరు ఆ రంగుకు సరిపోయేలా అతుకు వేయగలుగుతారు.