వేరుసెనగ నేర్పిన పాఠము

హాని చేయునేమో యన్న పదార్థమును పసిబిడ్డకు దూరముగా ఉంచుటయే క్షేమమని ఎవరికైనను తోచును. సహజముగా తోచిన ఆ మాటయే వైద్యులను కొన్నేండ్లపాటు పొరబాటున పడవేసినది. ఆ వృత్తాంతమునే మేమిచ్చట చెప్పదలచినాము.

శరీరములోని రక్షణశక్తి ఒక్కొక్కప్పుడు మంచి ఆహారమునే శత్రువుగా భ్రమించి తిరుగబడును. ఇట్టి విపరీత స్పందనకు వాడుకలోనున్న 'అలర్జీ' అను పదమును 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే కల్పించెను. వేరుసెనగ పడని పిల్లలలో కొందరికి ఒక్క పలుకు తిన్నను ఊపిరాడక ప్రాణము మీదికి వచ్చును.

ఈ భయముచేతనే 1998లో బ్రిటనులోను, 2000లో అమెరికాలోను ఒక సలహా వెలువడెను. అలర్జీ సోకు అవకాశము హెచ్చుగానున్న బిడ్డలకు మూడేండ్లు నిండువరకు వేరుసెనగ పెట్టరాదనిరి. అయినను ఆ దేశములలో ఆ వ్యాధి తగ్గకపోగా పెరిగినది.

2008లో లండను వైద్యుడు గిడియన్ లాక్, ఆయన సహచరులు ఒక పోలికను ప్రకటించిరి. బ్రిటనులోని యూదు బాలలలో నూటికి 1.85 మందికి వేరుసెనగ పడకుండగా, ఇజ్రాయేలు యూదు బాలలలో ఆ సంఖ్య 0.17 మాత్రమే. వంశమూలము దాదాపు ఒక్కటే, తిండి వేరు. ఇజ్రాయేలులో ఏడాది నిండకముందే పిల్లలకు 'బంబా' అను వేరుసెనగ చిరుతిండి పెట్టుట వాడుక.

పోలిక ఋజువు కాజాలదు. కావున ఆ వైద్యులే 4 మొదలు 11 నెలల వయసుగల 640 మంది శిశువులను ఎన్నుకొనిరి. వీరందరును తీవ్రమైన ఎగ్జిమా అను చర్మవ్యాధియో, గ్రుడ్డు పడకపోవుటయో, ఆ రెండునో కలవారు. సగముమందికి అయిదేండ్ల వయసువరకు క్రమముగా వేరుసెనగ పెట్టించి, తక్కినవారికి మాన్పించిరి. 2015లో ఫలితము వెల్లడియైనది. మానినవారిలో నూటికి 17.2 మందికి అలర్జీ కలుగగా, తిన్నవారిలో 3.2 మందికే కలిగినది. 2017లో అమెరికా నిపుణులు పాత సలహాకు విరుద్ధముగా కొత్త మార్గసూచనలు వెలువరించిరి.

అయితే పసివారికి వేరుసెనగ గింజలు అట్లే పెట్టరాదు, గొంతున అడ్డుపడును. మెత్తగా నూరి, పలుచగా కలిపి పెట్టవలెను. తీవ్రమైన ఎగ్జిమాగాని గ్రుడ్డు అలర్జీగాని గల బిడ్డకు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను.

నాడు సలహా పాటించిన తల్లులను నిందింపరాదు. వారు ప్రేమతోనే మాన్పించిరి. సలహా నిచ్చినవారి ఉద్దేశమును మంచిదే. కొరవడినది పరీక్ష యొక్కటే. మంచి ఉద్దేశము పరీక్షకు బదులు కాజాలదనుటయే ఈ చిన్న గింజ మనకు నేర్పిన పాఠము.