'బై' గీత పుట్టుపూర్వోత్తరాలు

కార్వాన్ అంటే పారశీకంలో బిడారు. గోల్కొండ కోట నుంచి పురానాపూల్ వైపు వచ్చే దారిలో, 1671లో కట్టిన టోలీ మసీదు చుట్టూ ఉన్న ఈ పేటకు దారే పేరు పెట్టింది. ఇప్పుడు అక్కడ 13తో మొదలయ్యే డోర్ నంబర్లు ఎన్నో కనిపిస్తాయి. ముందు వార్డు, తర్వాత బ్లాకు, ఆపైన ఇల్లు, ఆ ఇల్లు వాటాలైతే ఓ గీత గీసి ఏ, బి. ఆ గీతను మనం 'బై' అని చదువుతాం. కంప్యూటర్లో ఫైలు చిరునామా, అదే ఫైల్ పాత్, అచ్చం ఇలాగే పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి దిగుతుంది. అయితే ఇల్లు వెతికేవాడు నంబరు పట్టుకుని నడవడు, 'మసీదు దాటాక రెండో సందు' అనుకుంటూ నడుస్తాడు. పాత్ కూడా అలా నడవాల్సిన దారే. సి భాష దాన్ని వట్టి అక్షరాల వరసగా చూస్తుంది. పాత్‌లతో పనిచేసే సి కోడ్‌కు చేసిన క్లీనప్‌ను రివ్యూ చేసేవారు మొదట పట్టుకోవాల్సింది ఈ తేడానే అని నా వాదన.

మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫోల్డర్ల మధ్య '>' గుర్తు ఉండేది. బెల్ ల్యాబ్స్‌లో 1969లో మొదలైన యూనిక్స్ '/' పెట్టుకుంది. 1983లో ఎంఎస్-డాస్ 2.0కి ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గీత కమాండ్ల ఆప్షన్లకు ఖర్చైపోయింది, అందుకని '\' వచ్చింది. రెండు చోట్లా నడవాల్సిన ప్రోగ్రాముల్లో 'ఇది ఏ గీత?' అనే ప్రశ్న నలభై చోట్ల ఎదురవడానికి మూలం ఇదే. క్లీనప్ అంటే ఆ నలభై ప్రశ్నల్నీ ఒక్క ఫంక్షన్‌లోకి తేవడం. గీతలు సర్ది, వేరియబుల్ పేర్లు మార్చి క్లీనప్ అంటే అది సున్నం కొట్టడమే.

అసలు చిక్కు పొడవుతో. పాత యూనిక్స్‌లో ఫైలు పేరుకు 14 బైట్ల గడి. అలాంటి స్థిరమైన గళ్లు నింపడానికి పుట్టిన సి ఫంక్షనే స్ట్రింగ్ ఎన్ కాపీ (strncpy). గడి నిండిపోతే, సి భాషలో మాట ముగింపును చూపే సున్నాను చివర పెట్టదు, ఎందుకంటే ఆ గడికి సున్నా అక్కర్లేదు. ఆ పుట్టుక మరిచి దాన్ని 'భద్రమైన కాపీ' అని వాడుతున్నారు. 'కార్వాన్' అనే మాటనే తీసుకోండి. కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో 8 సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. 14 బైట్ల గడిలోకి కాపీ చేస్తే 'కార్' మిగిలి, 'వ'కి ఉన్న మూడు బైట్లలో రెండే పడతాయి. చివర సున్నా ఉండదు, కాబట్టి తర్వాత చదివే ఫంక్షన్ పక్కింటి మెమరీలోకి నడిచిపోతుంది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో యూటీఎఫ్-8ను రూపొందించినప్పుడు, ఏ భాష అక్షరం మధ్యలోనూ '/' బైటు, సున్నా బైటు రాకుండా చూశారు. తెలుగు పేర్లున్న ఫైళ్లు పాత కోడ్‌లోనూ తెరుచుకుంటున్నాయంటే ఆ జాగ్రత్త పుణ్యమే. కానీ పేరును మధ్యలో నరికే కోడ్‌ను ఆ జాగ్రత్త కాపాడలేదు. దాని బదులు ఎస్ఎన్ ప్రింట్ఎఫ్ (snprintf) వాడినా, అది 'ఇంత చోటు కావాలి' అని తిరిగిచ్చే అంకెను చూడకపోతే సగం పాత్‌తోనే ముందుకెళ్తాం. సగం చిరునామా ఒక్కోసారి వేరే ఇంటికి చేరుస్తుంది. ఆ ఫైలును చెరిపేసే ప్రోగ్రాం అయితే చెప్పనక్కర్లేదు.

నడుస్తున్న కోడ్‌ను కదపడం ఎందుకంటారు. ఇన్నాళ్లూ పొట్టి ఇంగ్లిష్ పేర్లే వచ్చాయి గనక నడిచింది. లినక్స్‌లో పాత్‌కు 4096 బైట్లున్నాయి, చాలవా అంటారు. ఆ హద్దు ఒక్కసారి కెర్నల్‌కు అందించే పాత్‌కే, ఫోల్డర్‌లోంచి ఫోల్డర్‌లోకి దిగుతూ పోతే అంతకన్నా లోతుకు వెళ్లొచ్చు. విండోస్‌లో పాత హద్దు 260 మాత్రమే. మూడో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోవాలి: శుభ్రం చేస్తూ ప్రవర్తన మార్చేస్తారేమోనన్న భయం. 'క/చ/..' కనిపించగానే 'క' అని కుదించడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ 'చ' సింబాలిక్ లింక్ (మరో చోటికి చూపే గుర్తు) అయితే, అది మనల్ని వేరే పేటకు తీసుకెళ్లి ఉంటుంది, అక్కణ్నుంచి ఒక మెట్టు పైకెళ్తే 'క' రాదు. యూనిక్స్ రకాల్లో ఒకటైన 4.2 బీఎస్‌డీ వచ్చిన 1983 నుంచి ఉన్న సంగతే ఇది. అందుకే కుదింపును వేరే ప్యాచ్‌గా అడగాలి, పాత్ కత్తిరింపుకు గురైతే ఎర్రర్ ఇవ్వమని పట్టుబట్టాలి.

రివ్యూకు కూర్చున్నప్పుడు సరే అనేముందు చిన్న పని చేయండి. లినక్స్‌లో ఒక పేరుకు 255 బైట్లు, అంటే తెలుగులో 85 సంకేతాలు. అంత పొడుగు తెలుగు పేరుతో ఫోల్డర్ పెట్టి, దాంట్లో అలాంటివే ఇంకో ఇరవై, ఒకదాంట్లో ఒకటి పెట్టి, ఆ కోడ్‌ను ఒక్కసారి నడపండి.