కుశస్థలి ఒడ్డున ఇనుము

మా తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. రాష్ట్రం మారినా ఇళ్లలో తెలుగు పోలేదు. తమిళంలో కొసస్థలైయార్ అనే ఏటిని మా పెద్దలు కుశస్థలి అనే పిలిచారు.

ఈ ఏటి పక్క అత్తిరంపాక్కం సంగతి లోకానికంతా తెలుసు. 1863లో భూగర్భ శాస్త్రవేత్తలు బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అక్కడ రాతి గొడ్డళ్లు గుర్తించారు. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేలింది. రాతికి దక్కిన ఆ పేరులో పిసరంత కూడా మా ఇనుముకు దక్కలేదు. మా కొలిములు సులువుగా కంటపడేవి కావు మరి.

ఏటి నీటితో చక్రం తిప్పి కొలిమి తిత్తులు ఊదించడం చైనాలో క్రీ.శ. 31 నాటికే ఉంది. మధ్యయుగపు ఐరోపాలో సమ్మెటలను కూడా నీళ్లే ఎత్తాయి. అలాంటి చోట తవ్వితే కాలువలు, చక్రపు గుంటలు బయటపడతాయి. మన ఏరు అలాంటిది కాదు. అక్టోబరు, నవంబరు వానలకు పొంగుతుంది, ఎండాకాలానికి ఇసుకే మిగులుతుంది. పట్టినన్ని నీళ్లు చెరువులకు పట్టారు. కొలిమికి మాత్రం తోలు తిత్తి, మనిషి రెక్కల కష్టమే ఆధారం.

దీన్ని వెనుకబాటు అంటే నేనొప్పుకోను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తిత్తులతోనే మూసల్లో ఉక్కు వండారు. దానికోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారు. 1832లో అచ్చయిన, వాయ్సీ అనే ఆంగ్లేయుడి వర్ణనలో ఆ పనంతా ఉంది.

మా దగ్గర తిరువళ్లూరు దారిలో పట్టరైపెరుంబుదూరు ఉంది. తమిళనాడు పురావస్తు శాఖ 2015-16లో అక్కడ తవ్వితే ఇనుప పనిముట్లు, మట్టి ఒరల బావి, తమిళ బ్రాహ్మీ అక్షరాలున్న పెంకులు దొరికాయి. పనిముట్టు వాడిన చోటు ఒకటి, ఇనుము కరిగించిన చోటు వేరొకటి. రెండోదాన్ని పట్టించేది ఇనుము కరిగించాక మిగిలే చిట్టెమే. నల్లగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే రాయికన్నా బరువు తోస్తుంది. పైన కరిగి పారిన మడతలు, విరిగిన చోట బుడగల గుంటలు కనిపిస్తాయి. దాని పక్కనే తిత్తిగాలి పోయిన మట్టిగొట్టం ముక్క, ఒక కొస గాజులా కరిగి, దొరికిందంటే అక్కడ కొలిమి ఉన్నట్టే.

ఇలాంటి చిట్టెం దిబ్బలను దారి పూడ్చడానికి తోలేస్తే మళ్లీ రావు. మీ పొలంలో చిట్టెం కనబడితే కదపకండి. ఉన్నచోటే ఫొటో తీసి, పూండి పురావస్తు మ్యూజియంలో చెప్పండి.